నలభై నాలుగో చావు

శవం చెంప మీద కన్నీటి చుక్క ఉంది.

ఎడిటర్ చెయ్యి మౌస్ మీదే బిగుసుకుపోయింది. బొమ్మ ఆపాడు. పెద్దది చేశాడు. అనుమానం లేదు. సీరియల్లో ఇంటిపెద్ద చనిపోయే ఎపిసోడ్ అది. మెడదాకా తెల్ల దుప్పటి కప్పుకుని మంచం మీద పడున్న ఆ పెద్దమనిషి ఎడమ కంటి కింద తడి మెరుస్తోంది. నాలుగింటికల్లా ఎపిసోడ్ ఛానెల్‌కి చేరాలి. సాయంత్రం ప్రసారం.

కబురు అందగానే దర్శకుడు పరిగెత్తుకొచ్చాడు. చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"కొంప మునిగింది."

"మళ్లీ తీద్దామా సార్?"

"ఎలా తీస్తావ్? పెద్దాయన గడ్డం గీయించుకున్నాడు."

పెద్దాయన అంటే శవంగా పడుకున్న నటుడు. వచ్చే వారం నుంచి చనిపోయినవాడి కవల సోదరుడిగా ఆయనే తిరిగి రావాలి. కవలకి గడ్డం ఉండదు. ఇద్దరికీ తేడా అదొక్కటే.

"పైగా అది రెండోసారి వచ్చే షాట్ కాదయ్యా. మొదట్నుంచి వెయ్యి."

నాలుగు నిమిషాలు, మధ్యలో కోత లేదు. గుమ్మంలోకి కొత్తమ్మాయి వచ్చింది. తండ్రితో పోట్లాడి ఇల్లు విడిచి, ఆలస్యంగా తిరిగొచ్చిన కూతురి పాత్ర. మంచం కాళ్ల దగ్గర ఆగిపోయింది. శవాన్ని ముట్టుకోలేదు. గుండెలు బాదుకోలేదు. మెల్లగా తలెత్తి, ఎటో పైకి చూస్తూ, "నాన్నా, నేనొచ్చాను" అంది. అంతే.

"పదిసార్లు చూశాను సార్. చుక్క ఇవాళే కనపడింది," అన్నాడు ఎడిటర్. "ఆ పిల్ల శవం వైపు చూడనిస్తేగా!"

"తలెత్తమని నేను చెప్పలేదు, తెలుసా?" దర్శకుడు కష్టం మర్చిపోయి కాస్త పొంగాడు. "శవాన్ని చూసి చెప్పమన్నాను. తనంతట తనే దేవుణ్ణి నిలదీసినట్టు పైకి చూసింది. సిఫారసు లేదు, ఏమీ లేదు. నూట ఎనభై మందితో వరసలో నిలబడి వచ్చింది. నేను ఏరుకున్నాను."

"ముఖం మీద ఆ వెలుగు చూడండి."

"అది లైట్‌మన్ గబ్బిలం బాబాయ్ పనితనం. ఆ రోజు భోజనానికి కూడా దిగలేదు. ఆ ఒక్క లైటే అటు తిప్పి, ఇటు తిప్పి... సర్లే, ముందు పెద్దాయన్ని పిలు."

పెద్దాయన నున్నటి గడ్డం నిమురుకుంటూ వచ్చాడు. తెర చూడగానే ముఖం మాడిపోయింది.

"నేనా? ఏడ్చానా?"

"మరి నేనా? ఛానెల్‌వాళ్లు ఊరుకోరు. తప్పెవరిదో రాసిమ్మంటారు. మీ పేరు రాస్తే కవల సోదరుడు రాడు. ఆ వేషం ఇంకొకరికి పోతుంది."

పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"బాబూ, ఇది నా నలభై నాలుగో చావు. నీళ్లలో చచ్చాను. మెట్ల మీద తలకిందులుగా చచ్చాను. ఒకసారి ముక్కు మీద ఈగ వాలితే, అది లేచిపోయేదాకా చచ్చే ఉన్నాను. రెప్ప కదిలిందని ఇంతవరకు ఒక్కడూ అనలేదు. వేషం పోతే పోనీ. నా చావుకి మచ్చ తేకు."

ఆ గొంతులో వణుకు విని ఎడిటర్ నవ్వు మింగేశాడు.

"సార్, ఒక్కో ఫ్రేమూ జరిపి చూద్దాం."

అమ్మాయి తలెత్తింది. చెంప పొడిగా ఉంది. "నాన్నా" అంది. ఇంకా పొడిగానే ఉంది. తర్వాతి ఫ్రేములో కంటికి వేలెడు దూరంలో చుక్క, దాని చుట్టూ సన్నటి తుంపర.

"కంట్లోంచి జారింది కాదిది. కన్ను పొడిగా ఉంది, చూడండి. పైనుంచి పడింది!"

పెద్దాయన కాలర్ సర్దుకున్నాడు. "నలభై నాలుగూ మచ్చలేనివే. రాసుకోండి."

"పైనుంచి అంటే? కప్పు కారుతోందా?"

"వానెక్కడ సార్? ఏసీ పైపు కూడా అటు లేదు."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంచానికి సూటిగా పైన, పన్నెండడుగుల ఎత్తులో, లైట్లు బిగించే ఇనప చట్రం ఉంది. దాని మీద కూర్చునేది ఒక్కడే.

ముప్పై ఏళ్లుగా అక్కడే బతుకుతున్నాడు కాబట్టే ఆ లైట్‌మన్‌కి గబ్బిలం అని పేరు. నేల మీద నడుస్తుంటే దారి తప్పి వచ్చినట్టు ఉంటాడు. కబురు పంపితే మెడలో తువ్వాలుతో వచ్చి గుమ్మం దగ్గరే ఆగాడు.

"రా బాబాయ్. చెమట చుక్క పడింది కదూ? అవునను, చాలు," అన్నాడు దర్శకుడు. "వేడి లైట్ల పక్కన ఎవరికైనా పడుతుంది. అదే రాసి పంపేస్తా. షాట్‌ని అమ్మాయి ముఖం మీదికి లాగి ఎలాగో నెట్టుకొస్తాం."

"వీడి చెమటా?" పెద్దాయన ఊరుకోలేదు. "నా చావుల్లో పదకొండు వీడి కిందే చచ్చాను. తువ్వాలు లేనిదే చట్రం ఎక్కడు. ఒక్క చుక్క రాల్చి ఎరగడు."

"మీరు బయటపడ్డారుగా, కాసేపు మళ్లీ చచ్చి ఉండండి సార్!"

గబ్బిలం బాబాయ్‌కి ఈ మాటలేవీ ఎక్కినట్టు లేదు. తెర వైపే చూస్తున్నాడు. అక్కడ కొత్తమ్మాయి తలెత్తి ఆగిపోయి ఉంది. ఆయన తువ్వాలు తీసి మడతపెట్టాడు. ఎప్పుడూ వంగి ఉండే నడుము నిటారుగా అయింది.

"తప్పు నాదే సార్. నా పేరే రాయండి. చెమట అని మాత్రం రాయకండి."

"మరేమని రాయమంటావ్?"

"నా కూతురు తలెత్తి పిలిచింది నన్నే సార్."