మొదటి కాపు

“నోరు తెరు చిట్టీ! తెరవమ్మా, నా తల్లివి కదూ!”

చిట్టి నోరు తెరిచింది. నాలుక, పెదవులు, చుబుకం అంతా ఊదారంగు. గుప్పిట్లో ఇంకో రెండు కాయలు నలిగి ఉన్నాయి.

కోడలు ఆ గుప్పిట విప్పి కాయలు లాగేసింది. కుట్టుమిషన్ మీద బడిపిల్లల చొక్కాలకు కాలర్లు వేస్తూ పది నిమిషాలు తలెత్తలేదు, అంతే. ఆ కాస్తలోనే మూడేళ్ళ కూతురు గోడవార ముళ్ళపొద కిందికి దూరింది.

ఆ పొదను నాటింది తనే. ఏం వేసినా మాడిపోయే రాతినేల అది. నీళ్ళు లేకపోయినా బతికేదేదైనా ఇమ్మంటే, మొక్కల బండివాడు “వాక్కాయండీ, అడవిమొక్క, చావమన్నా చావదు” అని చేతిలో పెట్టాడు. నాలుగేళ్ళకు ఛాతీ ఎత్తు పెరిగింది. ఆకు తుంచితే తెల్లటి పాలు. అత్తగారికి మొదటి రోజు నుంచీ అది కంట్లో నలుసే.

“పాలు కారే చెట్టు, పైగా ముళ్ళు. ఎవడో ఏదో పేరు చెబితే నమ్మి ఏ విషాన్ని తెచ్చి పాతావో!” అని ఆవిడ సాధించని వారం లేదు. కోడలూ పంతానికి పోయింది. ఈ ఏడే మొదటి కాపు. ఎర్రగా మొదలై నల్లబడుతున్న ఆ కాయల్ని ఇంట్లో ఎవరూ నోట పెట్టలేదు.

“అత్తయ్యా!” అని కోడలు పెట్టిన కేకకు ఆవిడ పరుగున వచ్చింది. చూడగానే అర్థమైంది. తిట్టలేదు. మనవరాలి ముందు చతికిలబడింది.

“ఎన్ని తిన్నావే బంగారం?”

చిట్టి ఐదు వేళ్ళూ చూపించింది.

“నల్లవా, ఎర్రవా?”

“అన్నీ.”

కోడలు ఫోను అందుకుంది కానీ ఒక్క అంకె సరిగా పడటం లేదు. “నేనే చేశాను అత్తయ్యా... మీరు చెబుతూనే ఉన్నారు. నా బిడ్డని నేనే...”

అత్తగారు పొద దగ్గరికి నడిచింది. ముళ్ళు చెయ్యి గీరుతున్నా లెక్కచేయక ఎర్రవీ నల్లవీ కలిపి గుప్పెడు కోసింది. కోడలు చూస్తుండగానే ఒక్కొక్కటీ నమిలి మింగింది. పది.

“పుల్లగా ఉన్నాయి, అంతే. ఇక ఏడుపు ఆపి ఆటో పిలు. నేనో కొమ్మ విరుస్తాను, డాక్టరుకు చూపిద్దాం.”

కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. తెలిసిన కాయ కాకపోతే ఆవిడ అలా తింటుందా? ఫోను ఈసారి కలిసింది.

ఆటో ఎక్కబోతూ అత్తగారు నడుముకున్న తాళాలగుత్తి తీసి కోడలి చేతిలో పెట్టింది. “నీ దగ్గరుండనీ.”

డాక్టరమ్మ చిట్టి కళ్ళూ నాడీ చూసింది. కొమ్మను అటూ ఇటూ తిప్పింది. “చెట్ల సంగతి నాకు తెలియదమ్మా. తెలిసిన బోటనీ లెక్చరర్ ఒకాయన ఉన్నారు, ఫొటో పంపుతాను. ఆయన చెప్పేదాకా పిల్ల ఇక్కడే ఉండాలి. వాంతి అయినా, మత్తుగా అనిపించినా వెంటనే పిలవండి.”

అత్తగారు ఆమెను పక్కకు తీసుకెళ్ళి ఏదో చెప్పింది. డాక్టరమ్మ గబగబా ఆవిడ నాడి కూడా చూసింది. కంగారుకు బీపీ పెరిగి ఉంటుందనుకుంది కోడలు.

గంట గడిచింది. చిట్టి బల్ల కింద చెప్పులతో ఆడుకుంటోంది. కోడలు పిల్ల మీంచి చూపు తిప్పలేదు. అత్తగారు మాత్రం పొట్ట మీద చెయ్యి వేసుకుని గోడ గడియారాన్నే చూస్తోంది. నుదుట చెమట. నర్సు వచ్చి రెండుసార్లు ఆవిడ కళ్ళలోకి టార్చి వేసి వెళ్ళింది.

రెండో గంట సగమయ్యాక డాక్టరమ్మ నవ్వుతూ వచ్చింది. “వాక్కాయేనట! నిక్షేపంగా తినొచ్చట. పిల్లని ఇంటికి తీసుకెళ్ళండి.”

కోడలు బావురుమంది. ఏడుపు తగ్గాక, భయమంతా కోపమై పొంగింది.

“ఇన్నేళ్ళు విషం విషం అని నన్ను కాల్చుకు తిన్నారే! అది ఏ కాయో మీకు ముందే తెలుసన్నమాట. లేకపోతే పది కాయలు అలా తింటారా?”

అత్తగారు చిట్టిని భుజాన వేసుకుని, ఊదారంగు అంటిన ఆ చిన్న చెంపను కొంగుతో తుడిచింది.

“తెలియకే తిన్నానమ్మా.”