నదా వాళ్ళమ్మ

“ఆ మూల కూర్చున్న పిల్ల పేరేంటక్కా?”

గుడారం వాకిట్లో నిలబడ్డ ఆవిడ అడిగింది. చాలాసేపటి నుంచీ అక్కడే ఉంది. పిల్లలు చేస్తున్న కుట్టుపని చూస్తోందేమో అనుకుంది నజ్లా.

“నదా అని మేం పెట్టుకున్నాం. అసలు పేరు మాకూ తెలీదు. కూలిన ఇంట్లోంచి తెల్లారుతుండగా తీశారట. నా అన్నవాళ్ళు ఒక్కరూ రాలేదు. ఏం అడిగినా నోరు విప్పదు.”

ఆవిడ తల మీది గుడ్డ కొసతో నోరు నొక్కుకుంది. “సీలా” అంది, తనలో తనే అన్నట్టు. ఆ తర్వాత గుడారమంతా వినబడేలా, “సీలా! నా తల్లీ!” అంటూ లోపలికి పరిగెత్తింది.

సూదులు పట్టుకున్న ఆడపిల్లలంతా తలెత్తారు.

తల్లులు రావడం నజ్లాకి కొత్త కాదు. ఈ దేర్ అల్ బలా శిబిరంలో ఏ గుడారంలో అనాథలున్నారని విన్నా వచ్చేవారు. ఒక్కో మొహం పట్టి పట్టి చూసి, మారు మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. వాళ్ళకి కాసిని మంచినీళ్ళివ్వడం తప్ప నజ్లా చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

యుద్ధానికి ముందు గాజా నగరంలో నజ్లా పనిచేసే సంఘానికి మూడంతస్తుల మేడ ఉండేది. కింద బడి, మధ్యలో అనాథల వసతి, పైన పాతకాలపు పెళ్ళి గౌనుల గది. ఆ గది చూసుకునేది నజ్లా. ఇప్పుడు పేర్లు మాత్రమే మిగిలిన ఊళ్ళ అవ్వలు కుట్టుకున్న గౌనులవి. ఎవరైనా ఉత్త చేత్తో ముట్టుకుంటే ఇంతెత్తున లేచేది. మేడ పోయాక ఒక్క పెట్టె గాడిదబండి మీద ఇక్కడికి చేరింది. చలికి ఆ గౌనులే తీసి పిల్లలకి కప్పింది.

“మీ పేరేంటమ్మా?” అడిగింది నజ్లా.

“హనాదీ. ఉమ్ సీలా, సీలా వాళ్ళమ్మ అంటారు మా వీధిలో. అంటే... వీధి ఉన్నప్పుడు.”

“కోపం తెచ్చుకోకండి. పిల్లని అయినవాళ్ళకే ఇవ్వాలి. పిల్ల మిమ్మల్ని గుర్తుపట్టాలి.”

“పడుతుంది. ఎందుకు పట్టదూ?” హనాదీ నదా ముందు మోకాళ్ళ మీద కూలబడింది. “నేనే, మీ అమ్మని. గుర్తుపట్టలేదూ?”

నదా ఆమె మొహంలోకి చూసింది. పక్క పిల్లల్ని చూసింది. మళ్ళీ ఆమెని చూసింది.

“పట్టాను” అంది.

పక్కనే ఉన్న శిబిరం నర్సు ఇబ్తిసామ్ భోరుమంది. ఆ పిల్ల గొంతు వినడం ఆమెకదే మొదటిసారి.

“మన పిల్లి గుర్తుందా, బంగారం? సుక్కర్?”

“ఊఁ. నల్లగా ఉంటుంది.”

“తెల్లగా కదే, పిచ్చిమొహమా!”

“తెల్లగా” అంది నదా వెంటనే.

నజ్లా ఇబ్తిసామ్‌ని పక్కకి లాగింది. “విన్నావా?”

“భయానికి పిల్లలు ఏం గుర్తుపెట్టుకుంటారక్కా! మొన్నొకడు సొంత అన్న పేరు మర్చిపోయాడు. ఇన్నాళ్ళకి ఒక్క శుభం జరిగింది, దానికీ వంకలేనా నీకు?”

నజ్లా నదా బట్టలు రెండు జతలు మడిచింది. సగంలో ఉన్న కుట్టు, సూది, ఎర్రదారం వాటిలో పెట్టి మూట కట్టింది. హనాదీ బయట కుండ దగ్గర మొహం కడుక్కుంటోంది. నజ్లా పిల్లకి జుట్టు దువ్వుతూ, మామూలుగా అడిగినట్టు అడిగింది.

“మీ అమ్మ పేరేంటి, తల్లీ?”

నదా బయటికి చూసింది. “ఉండు పిన్నీ,” అంది గుసగుసగా. “అడిగొచ్చి చెప్తాను.”

నజ్లా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

నోరు మూసుకుంటే ఏం పోయింది? ఈ పిల్లకి అమ్మ దొరికింది. ఆ తల్లికి కూతురు దొరికింది. కానీ అసలు సీలా ఏ ఆసుపత్రి నడవలోనో, ఏ గుడారం మూలనో అమ్మ ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఉంటే? ఈవిడ ఇక వెతకడం మానేస్తుంది. ఆ పాపం ఎవరిది? చెబితే మాత్రం? నదాకి మళ్ళీ ఆ మూలే గతి. ఎటు చూసినా ఎవరో ఒక పిల్ల గొంతు తన చేత్తో నులిమినట్టే ఉంది.

ఏం చేయాలో తోచకుండానే లేచి బయటికి నడిచింది.

“హనాదీ, ఒక్కమాట.” నజ్లా గొంతు తగ్గించింది. “ఎలా చెప్పాలో తెలీడం లేదమ్మా. అమ్మ కావాలని అది అన్నిటికీ ఊఁ కొడుతోంది. మీ పేరు కూడా దానికి తెలీదు. అది మీ సీలా కాదు. మీరు వెతకడం ఆపకండి. మీ పిల్ల ఎక్కడో...”

ఏడుస్తుందనుకుంది, తిడుతుందనుకుంది. గుడారం లోపల మూట ఒళ్ళో పెట్టుకుని, ఇటే చూస్తూ కూర్చున్న పిల్లని చూసి హనాదీ చెయ్యి ఊపింది. పిల్ల కూడా ఊపింది.

“తెలుసక్కా” అంది హనాదీ.

“తెలుసా?”

“సీలాని నా చేతుల్తోనే మట్టి చేశాను.”