కొబ్బరితోటలో కచేరీ

పొద్దున లేస్తూనే నీలకంఠం, "అండమాన్ ఎల్దామే" అన్నాడు.

అమ్మణ్ణి గ్లాసులోకి టీ పోస్తోంది. టీ ఒలికి వేళ్ళు చురుక్కుమన్నా ఆమెకు తెలియలేదు.

"ఏటన్నారు?"

"అండమాన్ అంటన్నాను. రిటైరయ్యేలోగా ఒక్కసారైనా సముద్రం మజ్జిని నాలుగు రోజులుండాల. మన సీతారామరావు ఎన్నాళ్ళ నించో రమ్మంటన్నాడు. ఆడక్కడ రేవులో మేస్త్రీ కదా. కొబ్బరితోటలో ఇల్లట. గుమ్మం దిగితే సముద్రమట. ఇంకేటి గావాల?"

నీలకంఠం టాటానగర్ యార్డులో రైలు పెట్టెల్ని అటూ ఇటూ జరిపి కలిపే షంటింగ్ ఇంజను డ్రైవరు. బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో వాళ్ళ కాపురం. ఎంతసేపూ బొగ్గు మసి, ఆవిరి, పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు. అలాంటి మనిషి పచ్చటి దీవి చూడాలని ముచ్చటపడితే పెళ్ళాం సంతోషించాలి. అమ్మణ్ణి మాత్రం టీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఓడంటే నాకు బయం" అంది.

"నానుండగా బయమేటే?"

ఆమె పట్టుబట్టి ఓడ గురించే ఆలోచించింది. రోజుల తరబడి నేల కనబడదు. ఒక పక్కకి ఒరిగిందంటే కడుపులోదంతా గొంతులోకొస్తుంది. పడుకుంటే తల కింద ఇనుము మూలుగుతూనే ఉంటుంది. అయినా ఆ భయమే నయమనిపించింది.

నీలకంఠం బల్ల మీది హార్మోనియం ముందుకు లాక్కున్నాడు.

"దీన్ని ఒగ్గేసి రాను. సాయంత్రమయ్యేసరికి ఆడు డోలక్ అందుకుంటాడు, నాను పెట్టె ఇప్పుతాను. మన శ్రీకాకులపోళ్ళు అక్కడ బోల్డుమంది. అందరూ ఇసకలో కూకుంటారు. చెట్ల మీద రాంచిలకలు, కింద మన కచేరీ."

పెళ్ళయిన కొత్తలో ఆమెకు వినిపించిన పాట ఎత్తుకున్నాడు. సగంలో ఆగాడు. వేళ్ళు మెట్ల మీద తడుముకున్నాయి. మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. అమ్మణ్ణి ఊపిరి బిగబట్టి వింది. పాట మళ్ళీ అక్కడే ఆగింది.

"ముసిలోణ్ణయిపోతన్నాను" అని నవ్వి, పెట్టె మూసేశాడు. "నీళ్ళల్లోకి తొంగిచూత్తే రంగురంగుల సేపలట. సీతారామరావు పెళ్ళాం సేపల పులుసు బాగా పెడతాదట."

"ఉప్పెక్కువేత్తది ఆ మనిషి" అనేసింది అమ్మణ్ణి. వెంటనే నాలిక కరుచుకుంది.

"నీకెలాగ తెలుసు?"

అతను నిజంగానే అడుగుతున్నాడు. ఆ కళ్ళల్లో ఎక్కడైనా కొంటెతనం దాక్కుందేమోనని ఆశగా వెతికింది. లేదు.

"ఎవరో అన్నార్లెండి" అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. అన్నం ఎసరు పెట్టి, బియ్యం పోయడం మరిచి, మరుగుతున్న నీళ్ళను చూస్తూ నిలబడింది.

అతనికి మధ్యాహ్నం డ్యూటీ. భోజనం చేస్తూ చేస్తూ అన్నాడు. "ఈయాలే ఆఫీసులో సెలవూ రైలు పాసూ అడిగేత్తాను. ఛుట్టీ ఇచ్చారా, బస్, వచ్చే నెల్లోనే ప్రయాణం."

"ఆఫీసులో అడక్కండి."

"అడక్కపోతే ఎవరిత్తారే?"

"పోనీ ఈయాల డూటీకి ఎల్లకండి. నాకు ఒంట్లో బాలేదు."

ఎడమ చేత్తో ఆమె నుదురు ముట్టి చూశాడు. "సల్లగానే ఉంది. ముక్కు మీద తోలు మాత్రం ఊడతంది. ఎండలో తిరగకు." చెయ్యి కడుక్కుని, బట్టలు మార్చుకోవడానికి లోపలికెళ్ళాడు.

గేటు చప్పుడైంది. అమ్మణ్ణి తమ్ముడు గణపతిరావు. ఎర్రజెండా, పచ్చజెండా చంకలో ఇరికించుకుని రోజూలాగే బావ కోసం వచ్చాడు. ఇద్దరిదీ ఒకటే యార్డు. వాడు పెట్టెల మధ్యకి దూరి గొలుసులు తగిలిస్తాడు. వాడు బయటికొచ్చి జెండా ఊపేదాకా ఇంజను కదలకూడదు. ఒక్క అడుగు కదిలిందా, మనిషి ఉండడు. ఇన్నేళ్ళలో ఆ పని తలుచుకుని ఆమె ఒక్కనాడూ భయపడలేదు. ఇంజను మీద ఉండేది తన మొగుడు.

ఈరోజు తమ్ముడి మెడ వైపు, ఖాకీ చొక్కా కాలరు వైపు చూడలేకపోయింది.

గబగబా బయటికొచ్చి వెనకాల తలుపు దగ్గరికేసింది.

"ఒరే గణపతీ, ఈయాల మీ బావని ఇంజను ఎక్కనీకురా."

"ఏటక్కా, దెబ్బలాడుకున్నారేటి?"

లోపల్నుంచి కూనిరాగం వినబడుతోంది. అదే పాట. సగం దాకా వచ్చి ఆగింది.

చెబితే ఆ మాట ఇంజన్ల షెడ్డులో పైవాళ్ళ దాకా పోతుంది. డాక్టరు దగ్గరికి పంపుతారు. ఆ పని పోతుంది, ఈ ఇల్లు పోతుంది. మసి బట్టల్లోనే దర్జాగా నడిచే మనిషి రేపట్నుంచి ఎలా నడుస్తాడో. చెప్పకపోతే. అమ్మణ్ణి తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అండమాన్ ఎల్దామంటన్నాడురా."

గణపతిరావు నవ్వబోయాడు. అక్క ముఖం చూసి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. జెండాలు చంకలోంచి జారి గేటు దగ్గర పడ్డాయి.

"అదేటక్కా, మొన్న ఆదివారమే కదా మీరిద్దరూ అండమాన్ నించి తిరిగొత్తే, స్టేషన్ నించి సామాన్లు నానే మోసుకొచ్చాను" అన్నాడు.