ముందు చోటు

తమ్ముడి కన్ను పోగొట్టింది ఇనుప ముక్క కాదు, మీరు.

పని చేయించుకుని పనివాళ్ళ లెక్కలో పేరు ఎక్కించని వర్క్‌షాపు ఓనరూ, మీరే. బీమా లేదనగానే ముఖం తిప్పుకున్న ఆసుపత్రులూ, మీరే. వారానికి ఒక్క పూట గేటు తెరిచి, దానికి ధర్మమని బోర్డు కట్టుకున్న పెద్దమనుషులూ, మీరే.

వాడు లేతు మెషిను మీద పనిచేస్తాడు. ముక్క ఎగిరి కంట్లో గుచ్చుకుంది. కంటి వెనక పొర ఊడుతోంది, వెంటనే ఆపరేషను చెయ్యాలన్నారు.

అక్క బట్టలు కుడుతుంది. ఆపరేషను తక్కువలో చేయిస్తానన్న ఒకడి చేతిలో, ఉన్న కుట్టుమెషిను అమ్మి పోసింది. వాడు ఫోను కట్టేసి మాయమయ్యాడు.

మిగిలింది వారానికి ఒక్క పూట తెరిచే ధర్మాసుపత్రి.

"ఒక కన్నున్నా చాల్లే అక్కా," అన్నాడు తమ్ముడు దారిలో. "సూదిలో దారం ఎక్కించేది నువ్వు కదా, నేను కాదుగా."

"నోర్ముయ్."

వాళ్ళు వెళ్ళేసరికే వరుస వీధి మలుపు దాటింది. ముందురోజే వచ్చినవాళ్ళు సంచులు, ఇటుకలు, నీళ్ళ సీసాలు పెట్టి చోటు పట్టుకున్నారు. అందరికన్నా ముందు, స్టూలు వేసుకుని ఒక ముసలాయన.

వెనకనున్నావిడ అక్క చెవిలో ఊదింది. ఆ స్టూలాయన వారం వారం వస్తాడట, లోపలికి మాత్రం ఏనాడూ వెళ్ళడట. ఊరికే ఎవడు కూర్చుంటాడు, చోట్లు అమ్ముకునే బాపతే అయ్యుంటాడంది.

అక్కకు ఒళ్ళు మండింది. మెషిను మింగినవాడూ వీడూ ఒకే తానులో ముక్కలనుకుంది.

కాసేపటికి ఆయన లేచి వరుస వెంట నడుచుకుంటూ వచ్చాడు. ఏమయింది, ఎన్నాళ్ళయింది అని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. తమ్ముడి దగ్గర ఆగిపోయాడు. కంటికి అడ్డంగా నల్ల తెర దిగుతున్నట్టుందా బాబూ అన్నాడు. వాడు తలూపాడు.

"అయితే ఇది ఆగేది కాదమ్మా," అన్నాడు అక్కతో. "నా చోట్లోకి రండి."

"ఎంత?"

"ఏమీ వద్దు. నాకు లోపల పని లేదు."

"పని లేనివాడివి ముందెందుకు కూర్చున్నావయ్యా?"

ఆయన తన స్టూలు వైపు చెయ్యి చూపించాడు. "ముందు పదండమ్మా."

తమ్ముడు ఆమె చెయ్యి లాగాడు. "పోనీ వెళ్దాం అక్కా. తర్వాత చూసుకుందాం."

"ఒకసారి మునిగింది చాలదూ?"

వాచ్‌మన్‌ని కేకేసింది. ఇక్కడ చోట్లు అమ్ముతున్నారని వరుసంతా వినేలా చెప్పింది. వరుస ఊరుకుంటుందా, తలా ఒక మాట. ఎవరో కాలరు పట్టుకున్నారు. వాచ్‌మన్ స్టూలు ఎత్తి రోడ్డు మీదకు విసిరాడు. కాలు విరిగిన స్టూలు చంకలో పెట్టుకుని ఆయన వెళ్ళిపోయాడు.

వీళ్ళ ముందు సగం వరుస ఉండగానే గేటు మూశారు.

మళ్ళీ వారం అక్క ముందురోజే వచ్చి చోటు పట్టింది. లోపలికి వెళ్ళారు. డాక్టరమ్మ లైటు వేసి చూసింది, లైటు ఆర్పింది. పోయిన వారం తెచ్చి ఉంటే చేసేదాన్నంది.

తమ్ముడు ఈసారి జోకు వెయ్యలేదు.

బయటికొచ్చాక, కోపం ఎవరి మీద పొయ్యాలో తెలియక, ఆ బ్రోకరు ముసలాడు రాలేదేం అని గేటెదుట టీ కొట్టావిడని అడిగింది అక్క.

ఆవిడ గిన్నె దించి ఆమె ముఖంలోకి చూసింది.

"బ్రోకరా? ఆయన పెళ్ళానికి ఉన్నదే ఒక్క కన్నమ్మా. మీ వాడిలాగే తెర దిగుతోందంటే తెచ్చాడు. వాళ్ళ ముందు మనిషితో గేటు మూసేశారు. వారం తిరిగేసరికి ఆవిడకు అంతా చీకటి. అప్పట్నుంచీ వచ్చి ముందు కూర్చుంటాడు. ఆగలేని కన్ను ఎవరిదో చూసి, తన చోటు వాళ్ళకిచ్చి పోతాడు."

ఎక్కడుంటాడని అడిగింది అక్క.

"ఎవరికి తెలుసు? మీరు తరిమేశాక రాలేదు."

అవతల వాచ్‌మన్ గేటు లాగుతున్నాడు. బయట ఇంకా జనం ఉన్నారు. అక్క పరుగున వెళ్ళి గేటు సందులో భుజం పెట్టింది. వెనకే తమ్ముడు.

"మూయకు," అంది అక్క. "పోయి లోపలివాళ్ళకు చెప్పు. డాక్టర్లు చాలకపోతే ఇంకా తెచ్చుకోమను, ఒక్క పూట చాలకపోతే రోజూ తెరవమను. బయట ఒక్కరు మిగిలినా ఈ గేటు మూతపడ్డానికి వీల్లేదు."