దిగువ పొలం వంతు

మార్చి 9.

అల్లుడు గారికి,

కవరు కొనలేక కాదు, దారిలో నలుగురూ చదవాలనే కార్డు రాస్తున్నాను.

నిన్న కాలువ నీళ్ళు దిగువ రైతు వంతు. ఆ వంతులు నీటి సంఘంలో కూర్చుని వేసింది నేను. కాలువ కాపలా పనిలో ఉండి అతని తూము ఎత్తాల్సింది మీరు.

ఇవాళ పొద్దున్నే అతను మా గుమ్మంలోకి వచ్చాడు. “తూము ఎత్తనే లేదమ్మా, పైరు వడిలిపోతోంది. మీ అల్లుడు కాలువకి కూడా అల్లుణ్ణే అనుకుంటున్నాడా?” అన్నాడు.

మీకు ఫోన్ చేస్తే నవ్వారు. “వాడి ఏడుపు ఎప్పుడూ ఉండేదే అత్తయ్యా. ముందు మీ పొలం చూసి రండి, తర్వాత తిడుదురు గాని.”

వెళ్ళి చూశాను. ఇక జరగవలసినవి ఇవి:

1. నా మడి నిండా ఉన్నవి అతని నీళ్ళు. గట్టు తెగ్గొట్టించి అతని పొలంలోకి వదిలాను. ఆ గండి మీరు పూడ్చకూడదు.

2. నా తర్వాతి వంతు కూడా అతనికే ఇవ్వాలి.

3. నీళ్ళు ఎవరికి మళ్ళించారో అతని గుమ్మంలో నిలబడి మీరే చెప్పాలి. ఇంటికొచ్చి నా మనవలకి ఈ కార్డు చదివి వినిపించాలి.

4. నా పైరు ఎండితే ఎండనివ్వండి. జాలిపడి మళ్ళీ తూము ముట్టుకున్నారో, మిమ్మల్ని ఆ పనిలోంచి తీసేయమని సంఘంలో మొదట చెయ్యెత్తేది నేనే.