వల లేని గోలు

రెండో సగమంతా మా నందిపేట్ జట్టు గోలు వైపు ఒక్క బంతీ తన్నలేదు. ఈసారి ఓడితే జట్టును ఎత్తేస్తామని ఊరి పెద్దలు ముందే చెప్పారు.

మైదానం గీత పక్కన నిలబడి అరిచి అరిచి నా గొంతు పోయింది. "కొట్టు నర్సింలూ! బంతి ఎనకకెందుకు ఇస్తున్నవ్‌రా? గోలు గటుంది!"

బోధన్ వాళ్లు ఒక్క గోలుతో గెలిచారు.

నేను నర్సింలు చొక్కా పట్టుకున్నాను. "నీయి కాళ్లా, కట్టెలా?"

అతను తల దించుకున్నాడు. "గోలుకు వల లేదు గదన్నా. ఎనకనే పసుపు ఆరబోసిన్రు. గది మీ చెల్లె పెండ్లి పసుపని మీ అవ్వ చెప్పింది. కాలుతోని తన్నిన బంతి దాంట్ల పడితె అపశకునం గాదా?"

చొక్కా వదిలేశాను. ఎండ బాగా తగులుతుందని పొద్దున ఆ పసుపును అక్కడ ఆరబోసింది నేనే.