అరగంట తిరగనీ

"దాన్ని అరగంట తిరగనీ నాయనా, అప్పుడు సూడు."

మాట వెనకనుంచి వచ్చింది. దయానంద్ తిరిగి చూశాడు. అంగడి గుమ్మం పక్కన స్టూలు మీద ఒక ముసలాయన. మాసిన పంచె, భుజాన తువ్వాలు, ఒళ్ళో టిఫిన్ క్యారియరు.

"అరగంటా! నాకు అర నిమిషం లేదప్పా!"

నిజంగానే లేదు. చంద్రగిరిలో దయానంద్ వడ్రంగి షెడ్డు. ఉన్న ఒక్క రంపం మిషనూ మొన్న మోటారు కాలి మూలపడింది. గుణశేఖర్ కట్టిస్తున్న కల్యాణ మంటపానికి శుక్రవారంలోగా పద్దెనిమిది తలుపులు బిగించాలి. ఇవాళ మంగళవారం. ఆలస్యమైతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని గుణశేఖర్ మొహం మీదే చెప్పేశాడు. ఇంత పెద్ద పని మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో ఏమో. పొద్దున తిరుపతి బస్సెక్కిన దగ్గర్నుంచి మనిషి నిలబడిన చోట నిలబడడంలేదు.

యోగానంద మిషన్ల అంగట్లో రెండు కనిపించాయి. ఒకటి కొత్తది. రెండోది వాడింది, సగం ధర. రెండూ ఒకే రకం. కింద ఇనప పెట్టెలో మోటారు, పైన బరువైన ఇనప బల్ల, బల్ల నడుమ పైకి లేచిన రంపం బ్లేడు.

"కొత్తది సూపించేదానికే పెట్టినాము. బుక్ చేస్తే వారానికి వస్తాది," అన్నాడు యోగానంద.

"వారమా! అప్పటికి నా కొంప మునిగిపోతాది."

దయానంద్ వాడిన మిషను దగ్గరికే పోయాడు. బల్ల మీద ఉక్కు స్కేలు నిలబెట్టాడు. కింద సందు లేదు. బ్లేడు పక్కన మూలమట్టం ఆనించాడు. సరిగ్గా కూర్చుంది. స్విచ్చి వేశాడు. తేనెటీగలా సన్నటి రొద. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, తిరుగుతున్న మిషను బల్ల మీద అంచు మీద నిలబెట్టాడు. బిళ్ళ ఇటు ఒరగలేదు, అటు ఒరగలేదు.

"సూస్తివా పెద్దాయనా? బిళ్ళ కదల్లే!"

"ఇప్పుడు కదల్దు నాయనా. వేడెక్కనీ. అరగంటైనాక నిలబెట్టు."

"ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు."

"నిదానమే ప్రధానం అనింది కూడా వాళ్ళేలే."

దయానంద్‌కు నవ్వు రాబోయింది. అంతలో ఫోను మోగింది. గుణశేఖర్. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "రేపు పొద్దున్నే కోత మొదలన్నా," అని చెప్పి పెట్టేశాడు.

ముసలాయన లేచి దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"వారం పోతే పోనీ. ఆ కొత్తదే తీసుకో నాయనా."

ఓహో, అదా సంగతి! దయానంద్‌కు ఒళ్ళు మండింది.

"కొత్తది అంటగడితే నీకెంతప్పా కమీషను?"

ముసలాయన మొహం చిన్నబోయింది. "నాకేం రాదు నాయనా. నేనెవరంటే..."

"నువ్వెవరైతే నాకేమి? కొనేవాణ్ణి నేను, అమ్మేవాడు ఆయన. నడమ నీ పెత్తనమేంది?"

యోగానంద తల వంచుకుని బిల్లు పుస్తకం వెతుక్కున్నాడు. "రోజూ వస్తాడులే అప్పా, పోనీ," అన్నాడు.

దయానంద్ ఎర్ర రబ్బరు బ్యాండు వేసిన నోట్ల కట్ట బల్ల మీద పెట్టాడు. ముసలాయన ఆ కట్టను చూశాడు, మిషనును చూశాడు. క్యారియరు పట్టుకుని మెట్లు దిగాడు. దిగినవాడు మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"కోసేటప్పుడు బ్లేడుకు ఎదురుగా నిలబడొద్దు నాయనా. పక్కకు నిలబడు."

"నాకు నేర్పించొచ్చినాడు!" అన్నాడు దయానంద్.

మరునాడు తెల్లవారగానే మిషనుకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, టెంకాయ కొట్టాడు. మొదటి పలక జున్నుముక్కలా తెగింది. రెండోదీ అంతే. ముసలాయన గుర్తొచ్చి మనసులో ఎగతాళి కూడా చేశాడు.

అరగంట దాటింది. ఏడో పలక సగం తెగి, బ్లేడును కరచుకుంది. తోశాడు. అంతే, పలక ఎగిరి ఎదురు తన్నింది. అయ్యో అనేలోపు మణికట్టు ఎముక విరిగింది.

పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకున్నాడు. తలుపుల పని ఇంకొకరికి పోయింది.

ఎనిమిదో రోజు యోగానంద అంగడి ముందు ఆటో ట్రాలీ ఆగింది. దాని మీద మిషను. పక్కన కట్టు చేతితో దయానంద్.

"మెకానిక్ ఇప్పి సూపించినాడు. లోపల ఇరుసు పట్టుకునే దిమ్మ చీలి ఉండాది. ఎప్పుడో అతుకు వేసినారు. సల్లగా ఉన్నంతసేపు బానే ఉంటాది, వేడెక్కితే బ్లేడు ఒరుగుతాది. ఇది ఎవడిదో సెప్పు యోగానందా! ఇంటికి పోయి గల్లా పట్టుకుంటా!"

యోగానంద సొరుగు లాగి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. నోట్ల కట్ట. ఎర్ర రబ్బరు బ్యాండు అట్లే ఉంది.

"ఇది... నేనిచ్చిందే కదా?"

"నీదే. మిషను అమ్మినాయన ముట్టుకోలేదు. 'ఆ అబ్బోడు తిరిగొస్తాడు, అందాకా ఈడే ఉండనీ' అని సెప్పి పోయినాడు. మళ్ళీ రాలేదు."

"ఎవరాయన?"

యోగానంద గుమ్మం పక్కకు చూశాడు. స్టూలు ఖాళీగా ఉంది.

"నేనన్నా ఆ పొద్దే నీకు సెప్పుండాల్సింది, యాపారమని నోరు మూసుకున్నా. ఇంటామె కంటి ఆపరేషనుకని తన మిషను తెచ్చి అమ్మకానికి పెట్టినాడు. పెట్టిన దినంనుంచి ఆయనకు నిద్ర లేదు. నీకంటే ముందు ముగ్గురొచ్చినారప్పా, ఆ స్టూలు మీదే కూర్చోని ముగ్గురికీ 'అరగంట తిరగనీ' అని సెప్పి, తన బేరం తానే సెడగొట్టుకున్నాడు కుప్పయ్య."